చేపు వెనకున్న గంధకం

జూన్ నెలలో మా జూనియర్ కాలేజీ ఆఫీసు ముందు వరండాలో నిలబడడానికి చోటుండదు. పదో తరగతి మార్కుల మెమో, టీసీ, ఆధార్ జిరాక్సు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తల్లిదండ్రులు వరసలో ఉంటారు. ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోలేనివాళ్ళని క్లర్కు స్టాఫ్ రూముకి పంపిస్తాడు. పోయిన జూన్‌లో అలాగే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"పాపకి డాక్టరవ్వాలని ఉంది మేడమ్, బైపీసీలో చేరుస్తున్నాం. కాకపోతే కెమిస్ట్రీ అంటే భయపడుతోంది. డాక్టరుకి దాంతో పెద్దగా పనేముంటుంది లెండి, పాసయితే చాలు కదా?"

వెనక ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారు. "నీట్‌లో 180 మార్కులు కెమిస్ట్రీవేనండీ, వదులుకుంటే కష్టం" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయారు. ఆ జవాబు నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. దాన్ని ఎందుకు చదవాలో ఒక ఆడపిల్లకి చెప్పాల్సి వచ్చినప్పుడు మార్కుల లెక్క చెప్పాను. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదీ. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మా అమ్మమ్మకి మూడు గేదెలుండేవి. తెల్లవారుజామున గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, దూడ పలుపు విప్పేది. దూడ పరిగెత్తుకొచ్చి పొదుగుని తలతో నాలుగు కుమ్ములు కుమ్మి, రెండు గుక్కలు కుడిచేది. అప్పటిదాకా మెత్తగా వేలాడుతున్న పొదుగు చూస్తూండగానే నిండిపోయేది. "చేపింది, దూడని లాగు" అనేది అమ్మమ్మ. పాలు పితికే చెయ్యి మారితే గేదె చేపదు. కొత్త మనిషి కొట్టంలోకి వస్తే చేపదు. ఒక ఏడాది దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి బొమ్మ చేసి గేదె ముందు నిలబెట్టారు. గేదె ఆ గడ్డి దూడని నాకుతూ చేపింది. చూడలేక నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను.

చేపు. పాడి తెలిసిన ఇళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళుండరు. మనుషులకీ వాడతాం. పొలంలో ఉన్న తల్లికి బిడ్డ ఏడుపు వినపడితే పాలు చేపుకొచ్చాయంటాం. పాలు తయారవడం వేరు, చేపడం వేరు అని మన ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. పొదుగులో పాలున్నా పైనుంచి, అంటే తలలోంచి, ఏదో ఒక కబురు రావాలి. దూడని చూడాలి, వాసన పట్టాలి, ఆ స్పర్శ తగలాలి. అప్పుడే పాలు దిగుతాయి. ఆ కబురు మోసుకొచ్చే పదార్థం పేరు ఆక్సిటోసిన్. అది ఏమిటో, ఎలా కట్టి ఉంటుందో కనిపెట్టి, దాన్ని మొదటిసారి గాజు పాత్రలో తయారుచేసిన మనిషి డాక్టరు కాదు. జీవితమంతా గంధకం వెంటపడిన ఒక కెమిస్టు. పేరు విన్సెంట్ డూ వీన్యో.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు ఆ కబురు బయల్దేరే చోటు గురించి రెండు మాటలు. ముక్కు మొదలుకి వెనగ్గా, పుర్రె అడుగున ఒక చిన్న గుంటలో బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. బరువు అర గ్రాముకి కాస్త అటూ ఇటూ. లాటిన్‌లో పిట్యూయిటా అంటే కఫం. మెదడులో ఊరిన కఫం దీని గుండా ముక్కులోకి కారుతుందని పాతకాలపు వైద్యులు అనుకున్నారు, అందుకే పిట్యూటరీ అయింది. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు పీయూష గ్రంథి. పీయూషం అంటే అమృతమని పిల్లలకి చెబుతాం. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, అప్పుడే ఈనిన ఆవు మొదటి పాలు. అంటే జున్నుపాలు. పాలని దించే గ్రంథికి ఇంతకన్నా సరైన పేరు ఏ భాషలోనూ ఉండదని నా నమ్మకం.

ఈ గ్రంథిలో వెనక తమ్మె, అంటే వెనక భాగం, నుంచి తీసిన సారానికి వింత గుణాలున్నాయని 19వ శతాబ్దం చివరినుంచే తెలుస్తూ వచ్చింది. 1895లో ఆలివర్, షాఫర్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఆ సారం ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతుందని చూశారు. 1906లో హెన్రీ డేల్ అది గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని గమనించాడు. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు మేకకి ఆ సారం ఎక్కించి పాలు దిగడం చూశారు. ఆ తర్వాత మూడేళ్ళకి, ఆపకుండా మూత్రం పోయే ఒక రకం జబ్బుని అది అదుపు చేస్తుందని తేలింది. ఇన్ని పనులు చేసేది ఒకే పదార్థమా, రెండా, నాలుగా? అమెరికాలో పేరుమోసిన శాస్త్రవేత్త జాన్ ఏబెల్ ఒకటే అని గట్టిగా వాదించాడు. 1928లో పార్క్-డేవిస్ కంపెనీలో ఆలివర్ కామ్ బృందం దాన్ని రెండు భాగాలుగా విడదీసింది. ఒకటి గర్భాశయానికి, పాలకి సంబంధించింది. రెండోది రక్తపోటుకి, మూత్రానికి సంబంధించింది. విడదీశారు గానీ, అవేమిటో ఎవరికీ తెలియలేదు. డాక్టర్లు కాన్పుల్లో ఆ సారాన్ని అప్పటికే వాడేస్తున్నారు. లోపల ఏముందో తెలియని సూదిమందు.

డూ వీన్యో 1901లో చికాగోలో పుట్టాడు. ఇలినాయ్ యూనివర్సిటీలో చదివింది కెమిస్ట్రీ. ఆయన అక్కడ ఉన్న రోజుల్లోనే టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్నారు. ఇలినాయ్ ప్రొఫెసర్ రోజ్ ఇన్సులిన్ మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. చచ్చిపోతున్న పిల్లల్ని లేపి కూర్చోబెడుతున్న ఆ పదార్థంలో ఏముందన్న ప్రశ్న ఈ కుర్రాడికి పట్టుకుంది. రోచెస్టర్‌లో పీహెచ్‌డీకి చేరి ఇన్సులిన్‌లో ఉన్న గంధకం మీద పనిచేశాడు. 1927లో పట్టా వచ్చింది. అక్కడినుంచి జాన్స్ హాప్‌కిన్స్‌లో ఏబెల్ ల్యాబుకి వెళ్ళి, స్ఫటికంగా మార్చిన ఇన్సులిన్‌ని విడగొడితే, ప్రోటీన్లు దేనితో కట్టి ఉంటాయో ఆ అమైనో ఆమ్లాలు వస్తాయని మిగతావాళ్ళతో కలిసి చూపించాడు. ఒక హార్మోను ప్రోటీన్ కూడా అయి ఉండొచ్చా అని పెద్దపెద్దవాళ్ళు సందేహిస్తున్న కాలం అది. తర్వాత జర్మనీలో డ్రెస్డెన్‌కి వెళ్ళి, అమైనో ఆమ్లాలని గొలుసుగా కూర్చడంలో అప్పట్లో అందరికన్నా ముందున్న మాక్స్ బెర్గ్‌మన్ దగ్గర పనిచేశాడు.

అక్కడినుంచి ఆయన చేసిన పనులు వరసగా చెబితే, ఒక పని మీద నిలవని మనిషిలా కనిపిస్తాడు. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం మీద కొన్నేళ్ళు. దాన్నుంచి హోమోసిస్టీన్ అనే కొత్త పదార్థం బయటపెట్టడం 1932లో. పచ్చి గుడ్డు తెల్లసొన అదేపనిగా తినిపిస్తే ఎలుకలకి వచ్చే జబ్బుని ఆపే విటమిన్, బయోటిన్ ఒకటేనని 1940లో పాల్ జ్యోర్జితో కలిసి చెప్పడం, 1942లో దాని నిర్మాణం విప్పడం. యుద్ధకాలంలో పెన్సిలిన్. ఆ తర్వాత పీయూష గ్రంథి. విటమిన్‌కీ పెన్సిలిన్‌కీ హార్మోనుకీ ఏం సంబంధం?

గంధకం. ఇన్సులిన్‌లో గంధకం ఉంది. మిథియోనిన్‌లో ఉంది, హోమోసిస్టీన్‌లో ఉంది, బయోటిన్‌లో ఉంది, పెన్సిలిన్‌లోనూ ఉంది. పీయూష గ్రంథి సారంలోనూ గంధకం ఉందని ఆయనకి తెలుసు. ఆయన ఎక్కడికీ గెంతలేదు. ఒకే దారి. ఆ దారి ఒకచోట డయాబెటిస్ వార్డు పక్కనుంచి, ఒకచోట పోషకాహారం పక్కనుంచి, చివరికి కాన్పు గది గుమ్మంలోంచి వెళ్ళింది. నోబెల్ ఉపన్యాసంలో కూడా తన పనిని గంధకం బాట అనే పిలుచుకున్నాడు, ఇన్సులిన్ నుంచి ఆక్సిటోసిన్ దాకా. వాషింగ్టన్‌లో 1932 నుంచి, న్యూయార్క్‌లో కార్నెల్‌లో 1938 నుంచి ఆయన ఉద్యోగం చేసింది మెడికల్ కాలేజీల్లో. నోబెల్ వచ్చింది మాత్రం కెమిస్ట్రీలో, 1955లో. ఇదేమీ తికమక కాదు. ఆయన దృష్టిలో ఆ రెండింటి మధ్య గోడే లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ పని ఎలా జరిగిందో చెప్పాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

వాషింగ్టన్‌లో 1930లలో మొదలుపెట్టిన పీయూష గ్రంథి పని యుద్ధం వల్ల ఆగిపోయింది. యుద్ధం అయ్యాక మళ్ళీ పట్టుకున్నారు. కబేళాల్లో సేకరించిన పశువుల గ్రంథుల పొడి నుంచి శుద్ధి చేస్తూ, చేస్తూ వెళ్ళాలి. ప్రతి మెట్టులోనూ తమ దగ్గరున్నది అసలు పదార్థమేనా అని చూసుకోవాలి. అందుకు వాళ్ళు వాడిన కొలత కోడి రక్తపోటు. ఆక్సిటోసిన్ ఎక్కిస్తే కోడికి రక్తపోటు తగ్గుతుంది, ఎంత తగ్గిందన్నదాన్నిబట్టి మందు ఎంతుందో లెక్క. అలా శుద్ధి చేసిన పదార్థాన్ని విడగొడితే మొత్తం ఎనిమిది రకాల అమైనో ఆమ్లాలు తేలాయి. అందులో సిస్టీన్ రెండుసార్లు వస్తుంది కాబట్టి గొలుసులో పూసలు తొమ్మిది. ఇన్సులిన్‌లో యాభై ఒకటి ఉంటే, దీంట్లో తొమ్మిదే. ఆ తొమ్మిదింటిలో ఒకటో పూసకీ ఆరో పూసకీ గంధకం ఉంది. ఆ రెండు గంధకాలూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసుని ఉంగరంగా వంచుతాయి. మిగిలిన మూడు పూసలు తోకలా వేలాడతాయి. పూసల వరస ఇదే అని 1953లో డూ వీన్యో ల్యాబు చెప్పింది. అదే ఏడాది వియన్నాలో హాన్స్ టుప్పీ కూడా విడిగా అదే చెప్పాడు.

వరస తెలిసిందంటే పని అయిపోయినట్టు కాదు. అదే వరసలో కూర్చి, పశువు గ్రంథి నుంచి తీసినదానికీ దీనికీ తేడా లేదని చూపించాలి. గంధకంతో వచ్చే చిక్కేమిటంటే అది ఊరుకోదు. గొలుసు కడుతున్నప్పుడే ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. అందుకని దానికి బెంజైల్ అనే ముసుగు తొడిగి, పని అయ్యాక ముసుగు తియ్యాలి. ఎలా తియ్యాలో డూ వీన్యోకి ఎప్పటినుంచో తెలుసు. ద్రవ అమ్మోనియాలో సోడియం ముక్క వెయ్యడం. ఆయన 1930లలోనే, సిస్టీన్ మీద పనిచేస్తూ పట్టు సాధించిన కిటుకు అది.

"క్షార లోహాలను ద్రవ అమ్మోనియాలో కరిగిస్తే గాఢమైన నీలి రంగు ఎందుకు వస్తుంది?" ఇంటర్ ఫస్టియర్‌లో ఈ ప్రశ్నకి జవాబు రాయనివాళ్ళు తక్కువ. అమ్మోనియా అణువులు చుట్టుముట్టిన ఎలక్ట్రాన్ల వల్ల, అని బట్టీపట్టి రాస్తారు. నేనూ ఎన్నో ఏళ్ళు అంతే చెప్పాను, మార్కులు వేశాను. ఆ నీలి రంగు ఎవరికీ ఏ పనికీ రానట్టే చెప్పాను. సున్నాకి 33 డిగ్రీలు కింద మరిగే ఆ ద్రవంలో తిరుగుతున్న ఎలక్ట్రాన్లే ఆక్సిటోసిన్ ముసుగులు విప్పాయి. తర్వాత ఆ గొలుసుని నీళ్ళలో పలచన చేసి అందులోకి గాలి పంపితే, గాలిలోని ఆక్సిజన్ తగిలి రెండు గంధకాలూ కలుసుకున్నాయి. ఉంగరం మూసుకుంది.

దాన్ని అన్ని పరీక్షలకీ పెట్టారు. చివరికి న్యూయార్క్‌లో అప్పుడే కాన్పు అయిన తల్లులకి, ఒక మైక్రోగ్రాము మోతాదులో నరానికి ఎక్కించి చూశారు. గ్రంథిలోంచి తీసినదైనా, ల్యాబులో కట్టినదైనా, ఇరవై ముప్పై సెకన్లలో పాలు చేపాయి. ఒక మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. శరీరం తయారుచేసుకునే ఒక పెప్టైడ్ హార్మోనుని, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసుని, మనిషి తన చేత్తో తయారుచెయ్యడం అదే మొదలు. ఆ చేతులు డూ వీన్యోవి మాత్రమే కాదు. 1953లో అచ్చయిన ఆ పేపర్ మీద షార్లట్ రెస్లర్, జాన్ స్వాన్, కార్లెటన్ రాబర్ట్స్, పనయోటిస్ కట్సొయానిస్, శామ్యూల్ గోర్డన్ పేర్లు కూడా ఉన్నాయి. వరస విప్పడంలోనూ కూర్చడంలోనూ రెస్లర్ పని చాలా ఉంది. మా అమ్మాయిలకి ఆ పేరు ప్రత్యేకంగా చెబుతాను.

కామ్ విడదీసిన రెండో భాగం వాసోప్రెసిన్. అదీ తొమ్మిది పూసలే, అదే గంధకం ఉంగరం. ఆక్సిటోసిన్‌తో పోలిస్తే మూడో పూస, ఎనిమిదో పూస మారతాయి. ఆ రెండు పూసల తేడాతో ఒకటి పాలు దించుతుంది, రెండోది మూత్రపిండాల్లో నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఎనిమిదో పూస ఆవుకీ మనిషికీ ఒకటి, పందికి వేరొకటి అని కూడా డూ వీన్యో బృందమే తేల్చింది. నీళ్ళు నిలవక అల్లాడే రోగులకి ఇవాళ ఎండోక్రైనాలజిస్టులు, అంటే హార్మోన్ల డాక్టర్లు, రాసే డెస్మోప్రెసిన్, ఆ వాసోప్రెసిన్ పూసల్నే కొంచెం మార్చి చేసిన మందు. ఏ పూస మారిస్తే ఏమవుతుందన్న ప్రశ్న డాక్టరుకి వచ్చినా, జవాబు పూసలు కట్టడం వచ్చినవాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇదంతా మా స్టాఫ్ రూములో చెబితే జువాలజీ చెప్పే మిత్రుడొకాయన ఒప్పుకోలేదు. "అది అమెరికా, అది కార్నెల్, వందమంది పనిచేసే ల్యాబు. అందరూ అన్నీ చదవాలంటే ఏదీ రాదు. ఎవరి లైను వాళ్ళకి ఉండాలి" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. నేను అన్నీ చదవమనడం లేదు. డూ వీన్యో అన్నీ చదవలేదు. ఒక్కదాన్ని అడుగు దాకా తవ్వాడు. నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఆయన జీవితాన్ని చూసి "రకరకాల రంగాల్లో పనిచేశాడు" అని మెచ్చుకునేవాళ్ళు పొరబడుతున్నారు. లోతుగా తవ్వుతూ పోతే, పైన వేరువేరు బావుల్లా కనిపించినవన్నీ అడుగున ఒకే నీరు. మనం పిల్లలకి చెబుతున్నది దానికి తలకిందులు. పదహారేళ్ళకే "నీది లెక్కల గట్టు, నీది జీవుల గట్టు" అని గీత గీస్తాం. రెండు గట్లనీ కలిపే కెమిస్ట్రీని రెండు వైపులా "పాసయితే చాలు" అనే సబ్జెక్టుగా వదిలేస్తాం. ఎంపీసీలో సి ఉంది, బైపీసీలోనూ సి ఉంది. ఆ సంగతి మనకి కనపడడమే మానేసింది. ఇప్పుడు యూనివర్సిటీల్లో ఇంటర్‌డిసిప్లినరీ అని కొత్త సెంటర్లు పెడుతున్నారు. రెండు డిపార్టుమెంట్లని ఒక బిల్డింగులో కూర్చోబెడితే పని జరగదు. రెండు గదులకీ ఒకే ప్రశ్న కావాలి.

మాకు భీమవరం దగ్గరే కాబట్టి ఇంకొకరి గురించి చెప్పకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో చదివింది వైద్యం. హార్వర్డ్‌కి వెళ్ళి చేసింది కెమిస్ట్రీ. రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఆ పద్ధతి చేతిలో పెట్టుకుని భాస్వరం వెంట వెళితే కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, ఏటీపీ దొరికింది. ఆయనది భాస్వరం బాట, డూ వీన్యోది గంధకం బాట. ఆవర్తన పట్టికలో భాస్వరం 15, గంధకం 16. పక్కపక్క గదులు.

ఆ ఇద్దరూ పక్కపక్కనే ఉండి ఊరుకోలేదు, వాళ్ళ పనులు కలిశాయి కూడా. క్రియాటిన్‌కి అతుక్కునే భాస్వరాన్ని సుబ్బారావు గారు చూశారు. అదే క్రియాటిన్‌లో ఉండే మిథైల్ ముక్క మిథియోనిన్ నుంచి వస్తుందని, బరువు హైడ్రోజన్ గుర్తు పెట్టి ఎలుకలకి తినిపించి డూ వీన్యో తేల్చాడు. మిథైల్ పోగొట్టుకున్న మిథియోనిన్ చివరికి హోమోసిస్టీన్‌గా మిగులుతుంది. అది మళ్ళీ మిథియోనిన్ కావాలంటే ముఖ్యంగా ఫోలిక్ యాసిడ్ కావాలి, బీ12 కావాలి. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో తయారుచేసింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి కింద పనిచేసిన బృందం.

2003లో నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ మొదటి నెలల్లోనే ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసింది, బిడ్డ మెదడూ వెన్నూ సరిగ్గా ఏర్పడడానికి. కాన్పు రోజు నొప్పులు మందగిస్తే నర్సమ్మ సెలైన్ సీసాలో ఒక సూదిమందు కలిపింది. బిడ్డ బయటపడగానే రక్తం పోకుండా ఇంకో సూది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నేను ఆ బల్ల మీద పడుకుని ఆ చుక్కల్నే చూస్తూ ఉన్నాను. మొదట్లో భాస్వరం మనిషి మాత్ర, చివర్లో గంధకం మనిషి సూది. మధ్యలో నా బిడ్డ. ఆ రోజు నాకు ఈ లెక్క తెలియదు. నా చదువులో ఎవరూ చెప్పలేదు.

ఆక్సిటోసిన్ గురించి ఇప్పుడు ఫోన్ తెరిస్తే ప్రేమ హార్మోను అని వీడియోలు వస్తాయి. కౌగిలించుకుంటే వస్తుంది, నమ్మకం పెంచుతుంది అంటారు. ముక్కులో కొట్టి నమ్మకాన్ని కొలిచిన ప్రయోగాలు కొన్ని మళ్ళీ చేసి చూస్తే నిలబడలేదు. నాకు ఆ గోల మీద ఆసక్తి లేదు. ఈ మందు అసలు పని వేరు. కాన్పయ్యాక గర్భాశయం గట్టిగా ముడుచుకోకపోతే రక్తం ఆగదు, గంటల్లో ప్రాణం పోతుంది. బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. ఆ చిన్న గాజు ఆంపూల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా వైపు మే నెలలో ఎండ నలభై దాటుతుంది, కరెంటు పోతుంది. ఫ్రిజ్ పనిచెయ్యని చోట మందు పేరుకి ఉంటుంది, పని చెయ్యదు. వేడికి చెడిపోయే బలహీనమైన చోట్లలో ఆ గంధకం ముడి ఒకటి. ఒక గంధకాన్ని తీసేసి కార్బన్ పెట్టిన కార్బెటోసిన్ అనే మందులో, వేడికి తట్టుకునే రకాన్ని 10 దేశాల్లో దాదాపు 30 వేల మంది తల్లుల మీద పరీక్షించారు. మన దేశం కూడా అందులో ఉంది. సహజ కాన్పుల తర్వాత రక్తస్రావాన్ని ఆపడంలో అది ఆక్సిటోసిన్‌కి తీసిపోదని 2018లో తేలింది. ఏ అణువు తీసి ఏది పెట్టాలి అన్న ఆ ప్రశ్న కూడా కెమిస్ట్రీ ప్రశ్నే. దాని జవాబు ఫ్రిజ్ లేని ఊళ్ళో ఒక తల్లి ప్రాణం.

అదే 2018లో మన దేశంలో ఇంకొకటి జరిగింది. దూడని వదిలే ఓపిక లేక, గేదెకి పూటపూటా ఆక్సిటోసిన్ సూది పొడిచి పాలు పితకడం చాలాచోట్ల అలవాటైంది. లేబుల్ లేని సీసాల్లో అమ్మేవారు. అది పశువుకి హింస, నేను ఎక్కడ చూసినా చెబుతాను. దాన్ని ఆపడానికని కేంద్రం, ప్రైవేటు కంపెనీలు దేశంలో వాడకానికి ఆక్సిటోసిన్ తయారుచెయ్యకూడదని, ఒక్క ప్రభుత్వ సంస్థే చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చింది. మందు కొరత వస్తే కాన్పుల్లో తల్లులు పోతారని డాక్టర్లు, ఆరోగ్య సంఘాలు మొత్తుకున్నారు. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. గేదెకి పొడిచే దొంగ సీసానీ, కాన్పు గదిలో ఆంపూల్‌నీ ఒకే గాటన కట్టడం తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇదంతా ఇంత పట్టుదలగా రాయడానికి మా పెద్దమ్మ కారణం.

పెద్దమ్మకి మూడో కాన్పు 1974లో, ఇంట్లోనే. మంత్రసాని వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది, రక్తం ఆగలేదు. పాత చీరలు తడిసిపోతూనే ఉన్నాయని అమ్మ చెబుతుంది. స్పృహ తప్పింది, ఎలాగో బతికింది. కానీ పాలు పడలేదు. మొదటి ఇద్దరికీ పుష్కలంగా ఇచ్చిన మనిషికి ఒక్క చుక్క రాలేదు. పథ్యం సరిగ్గా చెయ్యలేదని అత్తగారు తిట్టింది. ఆ తర్వాత ముట్టు మళ్ళీ రాలేదు. జుట్టు ఊడింది, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది, రెండు బిందెలు మోస్తే కూలబడేది. బద్ధకస్తురాలని పేరు పడింది. నా చిన్నతనంలో నేను కూడా అలాగే అనుకున్నాను.

2011లో ఒకరోజు మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సోడియం బాగా పడిపోయింది. అంతకుముందు రెండుసార్లు వేరేచోట సెలైన్ పెట్టి పంపించేశారు. ఈసారి ఎండోక్రైనాలజిస్టు వచ్చి, ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మా, మీ ఆఖరి కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా? ఆ బిడ్డకి పాలిచ్చారా?" అని అడిగారు. ముప్ఫై ఏడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. గర్భిణిలో పీయూష గ్రంథి పెరుగుతుంది, దానికి వెళ్ళే రక్తం మాత్రం తక్కువ ఒత్తిడితో వెళుతుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే ఆ గ్రంథి చచ్చిపోతుంది. ముందు తమ్మె పోతే పాలు ఊరించే ప్రోలాక్టిన్ ఉండదు, థైరాయిడ్‌ని, అడ్రినల్‌ని నడిపించే హార్మోన్లూ ఉండవు. 1937లో హెరాల్డ్ షీహన్ వివరించాడు కాబట్టి షీహన్ సిండ్రోమ్ అంటారు. హైడ్రోకార్టిజోన్, ఆ తర్వాత థైరాక్సిన్ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పెద్దమ్మ పెరట్లో కనకాంబరాలకి పాదులు చేస్తోంది.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొద్దున్నే మాత్రలు వేసుకుంటూ అడిగింది, నేను ఏం రాస్తున్నానని. గేదె చేపడం దగ్గర మొదలుపెట్టి చెప్పాను. తలలో పుట్టే ఆ పదార్థాన్ని ఒకాయన గాజు బుడ్డిలో తయారుచేశాడని, కాన్పవగానే అది ఒక్క సూది వేస్తే చాలావరకు రక్తం కట్టుకుంటుందని, ఆ గ్రంథి నుంచి వచ్చే మందే ఆ గ్రంథిని కాపాడుతుందని. పెద్దమ్మ గ్లాసు పట్టుకుని వింటూ కూర్చుంది.

"ఎప్పుడు తయారుచేశాడే ఆయన?"

"1953లో, పెద్దమ్మా."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"మరైతే మా ఊరు రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు చాలలేదా దానికి?"